ఎజెండాలో మూడో అంశం

కమలాకర్ సారుకు ప్రపంచంలో ఏ మూల బాంబు పడ్డా వనస్థలిపురంలో నిద్ర పట్టదు. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే పట్టదు. పశ్చిమాసియాలో మళ్లీ యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఆయన సరిగ్గా అన్నం తినలేదు. భార్య ఉదయలక్ష్మి టీవీ కట్టేస్తే ఫోన్లో చూస్తాడు, ఫోన్ లాక్కుంటే పేపర్లో చదువుతాడు. నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకునే పిల్లల బుల్లి విమానం ఇంటి మీదుగా పోయినా వాకిట్లోకొచ్చి తలెత్తి చూస్తాడు. అంత మెత్తని మనసు, దాన్ని ఎవరూ శంకించనక్కర్లేదు.

చిక్కు మనసుతో కాదు, పద్ధతితో. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాక ఆయన శాంతి వేదిక అనే వామపక్ష సంఘానికి ఎల్బీనగర్ ప్రాంత కార్యదర్శి అయ్యాడు. మనిషి సొంతంగా ఏదీ చేయకూడదని, ఏం చేసినా కమిటీలో పెట్టి, చర్చించి, తీర్మానించి, మినిట్స్ బుక్కులో రాసుకుని మరీ చేయాలని ఆయన నమ్మకం. కమిటీలో ఉన్నది ఐదుగురు. అందులో ఇద్దరు ఎప్పుడూ రారు. కోరానికి ముగ్గురుండాలి. కాబట్టి మిగతా ముగ్గురూ జ్వరమొచ్చినా రావాల్సిందే.

వేదిక ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ ఎదుటి సందులో ఉంది. కింద రెండంతస్తులూ బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్. పైన ఒక్క గది వీళ్లది. గదిలో ఒక పొడుగు బల్ల, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టచుట్టిన బ్యానర్లు, గోడ వారగా కట్టలు కట్టలుగా ఒకే పుస్తకం. దాని పేరు 'మత్తు, మార్కెట్, మనిషి'. రాసింది కమలాకర్ సారే. గంజాయి అమ్మే ముఠాలను వదిలేసి తాగేవాణ్ని పట్టుకుంటున్నారని, వాడు నేరస్థుడు కాదు రోగి అని, జైలు వాణ్ని బాగుచేయదని, పైగా జైలుకెళ్లేది ఎప్పుడూ పేదవాడేనని ముప్పై రెండు పేజీల్లో కుండబద్దలు కొట్టినట్టు రాశాడు. పంతొమ్మిదో పేజీ అడుగున చట్టంలోని ఒక సెక్షన్ కూడా వివరించాడు. కొద్దిపాటి సరుకుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తానే చికిత్సకు ఒప్పుకుంటే కేసు నుంచి మినహాయింపు ఉందన్నది దాని సారాంశం. ఆవిష్కరణ సభలో ఆ పేజీ చదువుతుంటే ఆయన గొంతు వణికింది. సభలో ఉన్న పాతికమందీ చప్పట్లు కొట్టారు. ఐదు వందల కాపీలు వేశారు, నాలుగు వందల అరవై గోడ వారగా ఉన్నాయి.

వాటి మీద దుమ్ము దులిపేది అండాలమ్మ. పదిహేనేళ్ల కిందట నల్గొండ జిల్లా నుంచి మొగుడితో వలసొచ్చింది. మొగుడు పోయాడు, కొడుకు సాయికుమార్ ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆవిడ కోచింగ్ సెంటర్ ఊడ్చి, పైకొచ్చి వేదిక గది ఊడ్చి, మీటింగ్ ఉంటే టీ పెడుతుంది. ధర్నా ఉందంటే మాత్రం ఆవిడే పెద్ద దిక్కు. తన బస్తీ నుంచి పదిహేను మంది ఆడవాళ్లను వెంటేసుకుని వస్తుంది. వాళ్లు రాకపోతే కమలాకర్ సారు యుద్ధాన్ని ఆపమని ఖాళీ రోడ్డుకు చెప్పుకోవాలి. ఏ దేశం మీద ఎవరు బాంబులేస్తున్నారో ఆవిడకు తెలియదు. పసిపిల్లలు చస్తున్నారని సారు చెప్పాడు, ఆవిడకు అది చాలు. తొమ్మిదేళ్లుగా ఒక్క ధర్నా తప్పలేదు.

అలాంటి అండాలమ్మ ఆ బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చీపురు లేకుండా పైకొచ్చింది. వెనకాల కోడలు యాదలక్ష్మి. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. పొద్దున పెద్ద అంబర్‌పేట్ దాటాక చెకింగ్‌లో సాయికుమార్ ఆటో ఆపారు. సీటు కింద గంజాయి పొట్లం దొరికింది, చారెడు ఉంటుందేమో. తెల్లారగట్ల లోడు ఎత్తి పగలంతా ఆటో నడిపేవాడికి అదొక అలవాటైంది. ఇంట్లో తిట్టారు, కొట్టారు, ఒట్టేయించుకున్నారు, మానలేదు. నిరుడొకసారి దొరికితే మందలించి వదిలేశారు. ఇది రెండోసారి. ఇప్పుడు ఎల్బీనగర్ ఠాణాలో కూర్చోబెట్టారు.

"రేపు పొద్దుగాల కోర్టుకు తోల్తరంట సారూ," అంది అండాలమ్మ. "దవాఖానకు పోత, మానేస్త అని పోలగాడు ఏడుస్తున్నడు. ఎవలన్న పెద్దమనిషి వచ్చి పూచి సంతకం పెడితే గట్లనే రాసి దవాఖానకు పంపుతనన్నడు ఇన్‌స్పెక్టర్. అయిదు గంటల దాంక ఉంటడంట. జర రాండ్రి. మీరు మైకుల చెప్పేదే ఆడ చెప్పాలె, ఇంక కొత్తది ఏం లేదు."

కమలాకర్ సారు గుండె కరిగిపోయింది. ఆ మాట ఆయన ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు, నిజం కూడా. చెప్పుల కోసం కాలు బల్ల కింద పెట్టి వెతికాడు కూడా. ఎల్బీనగర్ ఎంత దూరం, మెట్రోలో మూడో స్టేషన్. మూడింటికి కమిటీ. పోయి రావచ్చు.

అప్పుడే ఆయనకు బుద్ధి అడ్డొచ్చింది. ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో యుద్ధానికి వ్యతిరేకంగా పెట్టుకున్న ధర్నా దరఖాస్తు ఆ ఇన్‌స్పెక్టర్ బల్ల మీదే ఉంది. ఈలోగా గంజాయి కేసులో పూచీకత్తుకు వెళితే శాంతి వేదికవాళ్లు గంజాయి బ్యాచ్‌ను వెనకేసుకొస్తున్నారని కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో సాయంత్రానికల్లా పాకిపోదా? అనుమతి రాకపోతే? ఒక పక్క వేలమంది ప్రాణాలు, ఇంకో పక్క ఒక కుర్రాడి కేసు. అయినా వేదిక కార్యదర్శిగా తను ఎక్కడ సంతకం పెట్టినా అది వేదిక సంతకమే అవుతుంది. దానికి కమిటీ ఆమోదం ఉండాలి. ఇన్ని ఆలోచించేసరికి కాలు చెప్పుల్లోంచి వెనక్కి వచ్చేసింది.

"మూడింటికి కమిటీ ఉంది అండాలమ్మా. అండ్ల పెడత. పద్ధతి ప్రకారం పోదాం," అన్నాడు. "ఒక అర్జీ రాసియ్యుండ్రి."

అండాలమ్మకు రాయడం రాదు. యాదలక్ష్మి పదో తరగతి దాకా చదివింది కాబట్టి కింద కోచింగ్ సెంటర్లో తెల్లకాగితం అడిగి తెచ్చి, మెట్ల మీద కూర్చుని రాసింది. కమలాకర్ సారు అది తీసుకుని, గౌరవనీయులైన కార్యదర్శి గారికి అని పైన లేదని తనే రాసి, తేదీ వేశాడు. ఎజెండాలో అప్పటికే రెండు అంశాలున్నాయి. మొదటిది యుద్ధం. రెండోది మాదకద్రవ్యాల విధానంపై వేదిక వైఖరి. కింద మూడో అంశంగా 'అండాలమ్మ గారి అర్జీ' అని చేర్చాడు. గారు అని రాసినందుకు ఆయన మనసు కాస్త తేలికపడింది. అండాలమ్మ టీ నీళ్లు పెట్టింది. యాదలక్ష్మి ఠాణాకు బయల్దేరుతూ గోడ వార కట్టలోంచి ఒక పుస్తకం లాగి సంచిలో పెట్టుకుంది. అంతమంది చదివినవాళ్లున్న ఆ గదిలో పుస్తకం పనికొస్తుందని తోచింది ఆ పిల్లకొక్కతికే.

మూడు దాటాక బాలకృష్ణ వచ్చాడు, ఆర్టీసీ యూనియన్‌లో ముప్పై ఏళ్లు తిరిగి రిటైరైన మనిషి. ఆ వెనకే రోహిణి, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. కోరం సరిపోయింది. అండాలమ్మ గుమ్మం పక్కన చతికిలబడింది.

మొదటి అంశం మీద గొడవ అనుకున్నట్టే లేచింది. బాంబులేస్తున్న పెద్ద దేశాన్ని ఖండించడంలో ఎవరికీ తేడా లేదు. బాంబుల దెబ్బ తింటున్న దేశపు సర్కారును ఏమనాలన్నది పేచీ. ఆ సర్కారు తన ఆడవాళ్లను తనే జైళ్లలో పెట్టింది కదా, ఆ మాట కూడా అనాలని రోహిణి పట్టుబట్టింది. దెబ్బలు తినేవాడి తప్పులు లెక్కబెట్టే వేళ ఇది కాదని బాలకృష్ణ బల్ల చరిచాడు. మరి ఎప్పుడు వేళ, ఆ ఆడవాళ్లను ఉరి తీశాకా అని రోహిణి. ఇద్దరిలోనూ న్యాయముంది, అదే కష్టం. ఇద్దరినీ కలిపే వాక్యం కోసం కమలాకర్ సారు మూడు కాగితాలు చింపాడు. ఒకసారి ఒకరు ఒప్పుకునేలోగా ఇంకొకరు అలిగారు. తొలి గ్లాసుల టీ చల్లారిపోతే అండాలమ్మ మళ్లీ వేడిచేసి ఇచ్చింది. ఇస్తూ గోడ గడియారం వైపు చూసింది. నాలుగుంబావు.

రోహిణి ఆ చూపు కనిపెట్టింది. మూడో అంశం ముందు తీసుకుందాం సార్, ఆమె ఎదురు చూస్తోంది అంది. కమలాకర్ సారు కళ్లజోడు తీసి తుడిచాడు. వరుస మార్చాలంటే దానికీ ఒక తీర్మానం కావాలన్నాడు. పైగా మాదకద్రవ్యాల మీద మన వైఖరి ఏమిటో రెండో అంశంలో తేలకుండా మూడో అంశం మీద మనం ఏ ప్రాతిపదికన మాట్లాడతాం అన్నాడు. ఆ తర్కానికి తిరుగు లేదు. రోహిణి ఊరుకుంది.

నాలుగూ నలభైకి మొత్తానికి వాక్యం కుదిరింది. కమలాకర్ సారు గొంతు సవరించుకుని పైకి చదువుతూ మినిట్స్ బుక్కులో రాయసాగాడు. కాల్పుల విరమణ తక్షణమే జరగాలని, ఒక్క గంట ఆలస్యమైనా అమాయకుల బతుకులు తెల్లారిపోతాయని, షరతుల పేరుతో చర్చల పేరుతో కాలయాపన చేసేవారిని చరిత్ర క్షమించదని. ఆ మాటలు రాస్తుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఫోన్ మోగింది.

ఇన్‌స్పెక్టర్ పేరు వంశీకృష్ణ, గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. గొంతు పెద్దది. గదిలో అందరికీ వినపడుతోంది.

"నమస్కారం మాస్టారూ. సాయికుమార్ భార్య మీ పుస్తకం పట్టుకొచ్చిందండీ. పంతొమ్మిదో పేజీలో మీరు రాసింది కరెక్టే. కుర్రాడు కూడా ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకుంటున్నాడు. మీరొచ్చి ఒక్క సంతకం పెట్టారనుకోండి, ఆ ముక్కే కోర్టుకు రాసి ఆస్పత్రికి పంపిస్తాను. ఇది మీ వేదిక మాటే కదండీ?" ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు మీ ఆదివారం మీటింగ్ కాగితం కూడా నా దగ్గరే ఉందండోయ్," అన్నాడు.

ఆ మనిషి మామూలుగానే అన్నాడు. కమలాకర్ సారుకు మాత్రం అందులో బెదిరింపు వినపడింది. ఇంట్లో, సందులో ఆయన మాట్లాడేది సూర్యాపేట తెలుగు. సభలో మాత్రమే అచ్చులో ఉండే తెలుగు వస్తుంది. ఇప్పుడు అదే వచ్చింది.

"అది ఇంకా ముసాయిదా మాత్రమేనండి. విస్తృత చర్చ కోసం ప్రచురించాం. దాన్ని వేదిక అధికారిక అభిప్రాయంగా పరిగణించవద్దని మనవి."

ఇన్‌స్పెక్టర్ అలాగాండీ అన్నాడు. మీటింగ్‌కు అనుమతి ఇస్తానన్నాడు. కాకపోతే ఈ నెలంతా ఎక్కడ జనం పోగైనా మాదకద్రవ్యాల వ్యతిరేక ప్రతిజ్ఞ చేయించమని పైనుంచి చెప్పారని, తనే వచ్చి చేయిస్తానని అన్నాడు. తప్పకుండా అన్నాడు కమలాకర్ సారు. ఆయన కార్యదర్శి అయ్యాక కమిటీలో పెట్టకుండా ఒప్పుకున్నది అదొక్కటే.

ఫోన్ పెట్టేసి గుమ్మం వైపు చూడలేక మినిట్స్ బుక్కులోకి చూశాడు. బాలకృష్ణ కిటికీలోంచి మెట్రో రైలు చూశాడు. రోహిణి మాత్రం ఆయన మొహంలోకే చూసింది. అండాలమ్మ మెల్లగా లేచింది. ఎంగిలి గ్లాసులు తీసుకుని బయటి కుళాయి దగ్గర కడిగి, బల్ల మీద బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది.

మొదటి తీర్మానం సాపు రాసి సంతకాలు పెట్టేసరికి ఐదుంబావైంది. రెండో అంశం ఐదు నిమిషాల్లో అయిపోయింది. మత్తుకు బానిసైనవాడు నేరస్థుడు కాదు, రోగి అని శాంతి వేదిక ఏకగ్రీవంగా తీర్మానించింది. ముసాయిదా అప్పుడు సాయంత్రం ఐదూ ఇరవైకి అధికారిక అభిప్రాయమైంది. మూడో అంశం కింద అర్జీని సానుభూతితో పరిశీలించి, ఇద్దరు సభ్యుల ప్రతినిధి బృందం సోమవారం ఇన్‌స్పెక్టర్‌ను కలవాలని నిర్ణయించారు. సోమవారం దాకా ఎందుకు, రేపే పోదాం అని రోహిణి అంది. రేపు బ్యానర్లు రాయించాలి కదా అన్నాడు కమలాకర్ సారు. కారణం అది కాదని ఆయనకు తెలుసు. ముసాయిదా అన్న నోటితోనే మర్నాడు వెళ్లి కాదనడానికి ముఖం చెల్లలేదు.

గురువారం, శుక్రవారం అండాలమ్మ రాలేదు. గది ఊడ్చేవాళ్లు లేక కాగితం ముక్కలు అలాగే ఉన్నాయి. శనివారం కమలాకర్ సారు ఆమెకు ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకుని, ఏమని మొదలుపెట్టాలో తోచక మానుకున్నాడు. ధర్నాకు రాదేమోనన్న బెంగ మాత్రం ఉంది. ఆ బెంగ పడుతున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా బెంగ పోలేదు.

ఆదివారం ఆవిడ వచ్చింది. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ నీడలో, పదిహేను మందిని వెంటేసుకుని, ఎప్పటిలాగే పదింటికల్లా వచ్చింది. పిల్లల్ని చంపొద్దు అని రాసిన అట్ట తీసుకుని ముందు వరసలో నిలబడింది. యాదలక్ష్మి రాలేదు. కమలాకర్ సారు ఆ రోజు ఎన్నడూ మాట్లాడనంత బాగా మాట్లాడాడు. బలవంతుడు బలహీనుణ్ని తొక్కుతుంటే గట్టున నిలబడి చూసేవాడు కూడా పాపంలో భాగస్వామే అన్నాడు. బస్టాపులో ఉన్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

తర్వాత ఇన్‌స్పెక్టర్ మైకు తీసుకుని అందరినీ చేతులు చాచమన్నాడు. ఒక్కో వాక్యం ఆయన చదివితే జనం తిరిగి చెబుతున్నారు. మత్తు పదార్థాలకు దూరంగా ఉంటానని చెప్పారు. కుటుంబాన్ని దూరంగా ఉంచుతానని చెప్పారు. నాకు తెలిసినవారెవరైనా వాడుతున్నట్టు తెలిస్తే వెంటనే పోలీసులకు సమాచారమిస్తానని చెప్పారు. కమలాకర్ సారు స్టేజీ మీద మధ్యలో ఉన్నాడు. మైకు పక్కనే ఉండటం వల్ల ఆయన గొంతే అందరికంటే గట్టిగా వినపడింది. ముందు వరసలో అండాలమ్మ రెండు చేతులతో అట్ట పట్టుకుని ఉంది. చెయ్యి చాచలేదు, నోరు విప్పలేదు, తల కూడా దించుకోలేదు.

అయిపోయాక ఆయన దిగి ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఆ నాలుగడుగులూ వేయడానికి చాలా కష్టపడ్డాడు. రేపు మా బృందం ఠాణాకు వెళుతోంది, తీర్మానం కూడా అయింది అని చెప్పాడు.

"ఠాణాల ఎవరున్నరు సారూ," అందావిడ. "బేస్తారం నాడే జైలుకు పంపిన్రు. పద్నాలుగు రోజులంట."

అప్పుడే ఇన్‌స్పెక్టర్ అటుగా వస్తూ ఆగాడు. పుస్తకం మొత్తం చదివానండీ మాస్టారూ, చాలా బాగుంది అన్నాడు. ముసాయిదా ఖరారయ్యాక ఒక యాభై కాపీలు మా స్టేషన్‌కు పంపండి, మా వాళ్లకూ తెలియాలి అని నవ్వి జీపెక్కాడు.

"ఆయన గూడ ఒప్పుకున్నడు సారూ. రాసిన మీరే గాదంటిరి," అంది అండాలమ్మ. గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు కాస్త నయంగా ఉండేది.

కమలాకర్ సారు చుట్టూ చూశాడు. బాలకృష్ణ బ్యానర్ విప్పుతున్నాడు. రోహిణి దూరం నుంచి ఇటే చూస్తోంది. ఆయనకు గట్టిగా ఏడవాలనిపించింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి నడిరోడ్డు మీద ఏడిస్తే బాగుండదని కళ్లజోడు సవరించుకున్నాడు. ములాఖత్ ఎప్పుడని అడిగాడు. బుధవారం అందావిడ.

"నేను గూడ వస్త అండాలమ్మా," అన్నాడు. ఈసారి సూర్యాపేట తెలుగే వచ్చింది. "వకీలును మాట్లాడుత. బెయిలుకు పూచి నేనే ఉంట. సాయితోని నేనే మాట్లాడుత."

అండాలమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. చేతిలోని అట్టను, వచ్చే ధర్నాకు పనికొస్తుందన్నట్టు, జాగ్రత్తగా ఆయన చేతికిచ్చింది.

"కమిటీల పెట్టి చెప్పుండ్రి సారూ," అంది.

ఆవిడ ఎద్దేవా చేయలేదు. తొమ్మిదేళ్లుగా చూస్తున్న పద్ధతి అది, సారుకు ఇబ్బంది కాకూడదని గుర్తుచేసింది. తర్వాత తన పదిహేను మందినీ లెక్కచూసుకుని, ఎండెక్కుతోందని తొందర చేస్తూ బస్టాపు వైపు నడిచింది.